రేడియో స్కానర్ వెనక ఇన్ని కన్నాలు... ఏది దేనికి? (ఎస్‌డీఎస్ 200)

ప్లేనో_శ్రీను | శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మేముండేది టెక్సస్‌లో ప్లేనో. ఏప్రిల్, మే వచ్చిందంటే చాలు, సుడిగాలి సైరన్ మోగగానే పిల్లల్ని తీసుకుని మెట్ల కింద గదిలోకి దూరడమే. లోపల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, బయట ఏమవుతోందో తెలీదు. పోయిన ఏడాది ముప్పావు గంట అలా కూర్చున్నాక, ఇక లాభం లేదని సెకండ్ హ్యాండ్‌లో యూనిడెన్ ఎస్‌డీఎస్ 200 అనే రేడియో స్కానర్ (రకరకాల వైర్‌లెస్ మాటలు వినిపించే డబ్బా) కొన్నాను. వాతావరణం చానల్, ఫైర్ వాళ్లు, ఎయిర్‌పోర్ట్ ఇవన్నీ వినొచ్చని ఆశ.

దానితో వచ్చిన యాంటెన్నా పెడితే మాటలు వినిపిస్తున్నాయి. అంతవరకు హ్యాపీ. వెనక్కి తిప్పి చూస్తే బుర్ర తిరిగింది. ఇయర్‌ఫోన్ కన్నం లాంటివి రెండు, పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల సాకెట్ ఒకటి, నెట్ కేబుల్ పెట్టేది ఒకటి. ముందువైపు మళ్లీ ఒక ఇయర్‌ఫోన్ కన్నం, యూఎస్‌బీ. అమ్మినాయన మాన్యువల్ ఇవ్వలేదు.

నాకు కావలసినవి మూడు. పీసీకి తగిలించి చానళ్లు మార్చుకోవాలి. వచ్చే ఆడియో రికార్డ్ అవ్వాలి. స్కానర్ పైగదిలో ఉంటే నేను కింద హాల్లో వినాలి, ఎందుకంటే హాల్లో ఈ కీచు శబ్దం పెడితే డబ్బా బయట పారేస్తానని మా ఆవిడ ముందే చెప్పేసింది.

ఇవాళ ఒక ప్రయోగం చేశాను. ఈఎక్స్‌టీ ఎస్‌పీ అని రాసున్న కన్నం నుంచి లాప్‌టాప్‌లో మైక్ కన్నానికి వైరు పెట్టాను. గొంతు బొంగురు పోయి, బస్టాండ్ మైకులో అనౌన్స్‌మెంట్‌లా వస్తోంది. స్కానర్ పాడైందంటారా?


వైర్లక్క | శుక్రవారం, రాత్రి 10:31

శ్రీను గారూ, ముందు ఆ వైరు పీకేయండి. తర్వాత మాట్లాడుకుందాం.


ప్లేనో_శ్రీను | శుక్రవారం, రాత్రి 10:33

పీకేశాను మేడమ్. టెన్షన్ పెట్టకండి 😅


వైర్లక్క | శుక్రవారం, రాత్రి 10:58

స్కానర్‌కి ఏం కాలేదు, భయపడకండి. తప్పు కన్నంలో పెట్టారు, అంతే.

ఈఎక్స్‌టీ ఎస్‌పీ అంటే బయటి స్పీకర్‌కి. లోపలున్న యాంప్లిఫయర్ స్పీకర్‌ని మోగించడానికి పంపే సిగ్నల్ అందులో వస్తుంది. మైక్ కన్నం మనిషి గొంతు పుట్టించే మిల్లీవోల్టుల కోసం చెవి రిక్కించుకుని కూర్చుంటుంది. ఆ చెవిలో డప్పు కొడితే బొంగురుగా కాక ఇంకెలా ఉంటుంది? పైగా ఈ రకం బేస్ స్కానర్ల మాన్యువళ్లలో ఒక హెచ్చరిక ఉంటుంది: ఆ స్పీకర్ లైన్‌ని పవర్ సప్లైకి గానీ గ్రౌండ్‌కి గానీ తగలనివ్వొద్దని. లాప్‌టాప్ చార్జర్ గోడకి పెట్టి ఉంటే వైరు బయటి తొడుగు ఎటుపోయి ఎక్కడ గ్రౌండ్ అవుతుందో మనకి తెలీదు. అందుకే పీకమన్నాను.

మీకు కావలసింది దాని పక్కనే ఉన్న ఆర్‌ఈసీ. రికార్డింగ్ కోసమే పెట్టిన లైన్ అవుట్ అది. ముందున్న వాల్యూమ్ నాబ్ తిప్పినా దీని లెవెల్ మారదు. స్కానర్ స్పీకర్ పూర్తిగా తగ్గించేసి కూడా రికార్డ్ చేసుకోవచ్చు, మీ ఆవిడ కూడా సంతోషిస్తారు. ముందున్న హెడ్‌ఫోన్ కన్నం నుంచి తీస్తే అలా కాదు, రాత్రి ఎవరైనా నాబ్ కదిపితే తెల్లారేసరికి ఖాళీ ఫైల్ మిగులుతుంది. నాకు జరిగింది.

రెండో చివర మైక్‌కి కాదు, లైన్ ఇన్‌కి (ఇలాంటి బలమైన సిగ్నల్ తీసుకునే కన్నం) పెట్టాలి. ఇప్పటి లాప్‌టాపుల్లో లైన్ ఇన్ ఉండటమే లేదు, ఒకే కన్నంలో హెడ్‌సెట్, మైక్ రెండూ కలిపేశారు. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనుక్కోండి. కొనేముందు లైన్ ఇన్ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. మరీ చవకవాటిలో ఉండేది మైక్ ఇన్‌పుట్టే.


ఎడిసన్_చిట్టి | శుక్రవారం, రాత్రి 11:20

అక్కా, మధ్యలో దూరుతున్నా. నా దగ్గర చేతిలో పట్టుకునే స్కానర్ బీసీడీ 436హెచ్‌పీ ఉంది. యూఎస్‌బీ పెడితే చార్జింగ్ అవుతుంది, పీసీ మాత్రం అసలు గుర్తుపట్టదు. విండోస్ రెండుసార్లు రీఇన్‌స్టాల్ చేశా. ఏం చేయాలి?


గోదారిగాలి | శుక్రవారం, రాత్రి 11:41

చిట్టీ, విండోస్ రెండుసార్లా! ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది.

ఆ కేబుల్ స్కానర్‌తో వచ్చిందేనా? లేక డ్రాయర్‌లో దొరికిందా?


ఎడిసన్_చిట్టి | శుక్రవారం, రాత్రి 11:44

బ్లూటూత్ స్పీకర్‌తో వచ్చింది అన్నా. చక్కగా పట్టింది కదా అని వాడుతున్నా.


గోదారిగాలి | శనివారం, ఉదయం 7:15

అదే రోగం. యూఎస్‌బీ వైరులో నాలుగు తీగలుండాలి: రెండు కరెంటుకి, రెండు డేటాకి. స్పీకర్లు, టార్చిలైట్లతో ఇచ్చే కొన్ని వైర్లలో డేటా తీగలు అసలు ఉండవు, డబ్బు ఆదా. బయటి నుంచి చూస్తే తేడా తెలీదు. వైరు మారిస్తే నీ పని అయిపోతుంది.

అప్పుడు స్కానర్ తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: మాస్ స్టోరేజా, సీరియల్ మోడా అని. ఇక్కడే సగం మంది తికమక పడతారు. మాస్ స్టోరేజ్ అంటే లోపలి మెమరీ కార్డ్ పెన్‌డ్రైవ్‌లా కనిపించడం. యూనిడెన్ వాళ్ల సెంటినెల్ సాఫ్ట్‌వేర్‌తో చానళ్ల జాబితా ఎక్కించడానికి, ఫర్మ్‌వేర్ (స్కానర్ లోపలి ప్రోగ్రాం) మార్చడానికి అది. ఆ మోడ్‌లో ఉన్నంతసేపు స్కానర్ ఏమీ వినదు, నోరు కట్టేసినట్టే. పని అయ్యాక ఎజెక్ట్ కొట్టకుండా వైరు లాగావో, కార్డ్ పాడైపోయి జాబితా మొత్తం పోవచ్చు. సీరియల్ మోడ్ అంటే స్కానర్ తన పని తను చేసుకుంటూ పీసీ చెప్పింది వింటుంది. డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్ట్ నంబర్ వస్తుంది, ఒక్కోసారి రెండు నంబర్లు. ఒకదానితో పలకకపోతే రెండోది పెట్టి చూడు.

శ్రీనూ, నీ 200కీ ఇదే కథ. ముందున్న యూఎస్‌బీకి ఇదే ప్రశ్న వస్తుంది. ఇంకో మాట, వెనకున్న తొమ్మిది పిన్నుల సాకెట్ చూసి పీసీ సీరియల్ పోర్ట్ అనుకుని కేబుల్ ఆర్డర్ చేయకు. 200లో దాన్ని పెట్టింది జీపీఎస్ కోసం. జీపీఎస్ తగిలిస్తే కారు ఎక్కడుంటే అక్కడి చానళ్లు దానంతటదే తెరుస్తుంది. నా పాత స్కానర్ బీసీడీ 996పీ2 వెనక అచ్చం ఇలాంటి సాకెటే ఉంది, అందులో నేను ఏళ్ల తరబడి పీసీ నడిపాను. ఆకారం ఒకటే, పని వేరు. జీపీఎస్ పెట్టినా పలకకపోతే ముందు స్పీడ్ చూడు. చాలా జీపీఎస్‌లు 4800 బాడ్‌లో మాట్లాడతాయి, స్కానర్ మెనూలో కూడా అదే ఉండాలి.


ఎడిసన్_చిట్టి | శనివారం, ఉదయం 9:02

అన్నా!! పాత కెమెరా కేబుల్ దొరికింది. పెట్టగానే ప్రశ్న వచ్చింది. రెండు వారాలుగా పీక్కున్న జుట్టు ఎవరిస్తారు నాకు?


మౌనశ్రోత | శనివారం, ఉదయం 9:30

చిట్టి గారూ, న్యూజెర్సీ ఎడిసన్ నుంచి న్యూయార్క్ వైపు కారులో పట్టుకెళ్తుంటే జాగ్రత్త. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటాల్లో కారులో స్కానర్ మీద ఆంక్షలున్నాయి. న్యూయార్క్‌లో హ్యామ్ లైసెన్సు (సరదాగా రేడియో నడిపేవాళ్లకిచ్చేది) ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, నేను లైసెన్సు రాసింది సగం అందుకే.


ప్లేనో_శ్రీను | శనివారం, మధ్యాహ్నం 12:10

అద్భుతం. ఆర్‌ఈసీ, లైన్ ఇన్ అర్థమైంది, సౌండ్ కార్డ్ ఆర్డర్ పెట్టాను. ఇప్పుడు యాంటెన్నా సంగతి. హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల సంఘం) వాళ్లు బయట యాంటెన్నా పెట్టనివ్వరు, అటిక్‌లో (ఇంటి కప్పు కింద ఖాళీలో) పెడదామనుకుంటున్నా. పాత యజమాని డిష్ టీవీకి వేయించిన కేబుల్ అటిక్ నుంచి పైగది గోడ దాకా ఉంది. దాన్నే వాడేద్దామని. కేబుల్ చివర మరలాగా తిప్పేది, స్కానర్‌కి మాత్రం గుచ్చి తిప్పి లాక్ చేసేది. పట్టలేదు. అడాప్టర్ రేపు వస్తుంది.


గోదారిగాలి | శనివారం, మధ్యాహ్నం 12:26

ఆగు. అడాప్టర్ వచ్చినా పెట్టకు. ఆ కేబుల్ రెండో చివర ఎక్కడుందో చూశావా? మధ్యలో ఏవైనా డబ్బాలున్నాయా?


ప్లేనో_శ్రీను | శనివారం, మధ్యాహ్నం 12:29

అటిక్‌లో ఒక చిన్న స్ప్లిటర్ (కేబుల్‌ని పాయలుగా చీల్చేది) ఉన్నట్టు గుర్తు. ఎందుకన్నా?


గోదారిగాలి | శనివారం, మధ్యాహ్నం 12:50

డిష్ నెత్తి మీద సిగ్నల్ అందుకునే డబ్బాకి, అంటే ఎల్‌ఎన్‌బీకి, కరెంటు వేరే వైరులో వెళ్లదు, ఆ కేబుల్‌లోంచే వెళ్తుంది. మామూలుగా 13 లేదా 18 వోల్టులు రిసీవర్ డబ్బా నుంచి పైకి వెళ్తాయి. కొన్ని ఇళ్లలో దానికోసం విడిగా పవర్ ఇన్‌సర్టర్ అని ఒక అడాప్టర్ పెడతారు. డిష్ కనెక్షన్ తీసేసినా ఆ అడాప్టర్‌ని ఎవరూ పట్టించుకోరు, గరాజ్ మూలలో ప్లగ్‌కి వేలాడుతూ ఉంటుంది.

యాంటెన్నా కన్నం మైక్రోవోల్టుల కోసం. అందులోకి 18 వోల్టులు దూరితే... నేను చెప్పక్కర్లేదు. మీటర్ ఉంటే కేబుల్ మధ్య తీగకి ఎర్రది, చుట్టూ ఉన్న మెటల్‌కి నల్లది పెట్టి డీసీలో చూడు.


ప్లేనో_శ్రీను | శనివారం, మధ్యాహ్నం 2:05

చెయ్యి ఇంకా వణుకుతోంది. మీటర్ పెడితే 20.8.

గరాజ్‌లో వాటర్ హీటర్ వెనక, సాలెగూళ్ల మధ్య, అగ్గిపెట్టెకి కాస్త పెద్దదైన నల్ల డబ్బా. పక్కన ఆకుపచ్చ లైట్ మినుకు మినుకుమంటోంది. ఈ ఇంట్లోకొచ్చి ఆరేళ్లయింది, ఆరేళ్లుగా అది వెలుగుతూనే ఉంది! పీకేశాక మళ్లీ చూశాను, సున్నా.

నిన్న ఆ ప్లగ్ పట్టలేదని విసుక్కున్నాను. పట్టి ఉంటే ఏమయ్యేదో.


వైర్లక్క | శనివారం, మధ్యాహ్నం 2:22

కన్నాలు వేరువేరు ఆకారంలో చేసినవాడికి దండం పెట్టండి. ఇయర్‌ఫోన్ కన్నాల విషయంలో మాత్రం వాడు ఆ దయ చూపించలేదు.


గోదారిగాలి | శనివారం, సాయంత్రం 4:40

బతికావు. ఆ స్ప్లిటర్ కూడా తీసేసి రెండు కేబుళ్లనీ నేరుగా కలిపే జాయింట్ పెట్టు. రెండు దారుల స్ప్లిటర్‌లోనే సిగ్నల్ సగానికి పైగా పోతుంది, నాలుగు దారులదైతే ఇక చెప్పనక్కర్లేదు.

కేబుల్ ఆర్‌జీ 6 అయ్యుంటుంది. 75 ఓమ్‌లు, స్కానర్‌ది 50 అని కొందరు గొడవ చేస్తారు. మనం ట్రాన్స్‌మిట్ చేయం, వినడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. నష్టం మాత్రం లెక్కలోకి వస్తుంది. 850 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఆర్‌జీ 6లో 100 అడుగులకి దాదాపు 6 డెసిబెల్స్ పోతాయి. సన్నటి ఆర్‌జీ 58 అయితే దానికి రెట్టింపు పైనే. అంటే మీ పాత డిష్ కేబుల్, 'రేడియో కేబుల్' అని అమ్మే సన్నదానికంటే మేలు. వాతావరణం చానళ్లు 162 మెగాహెర్ట్జ్ దగ్గరే కాబట్టి అక్కడ నష్టం ఇంకా తక్కువ.

చిట్టీ, నీ 436కి ఇంత మందం కేబుల్ తిన్నగా తగిలించకు. పైనున్న ఎస్‌ఎంఏ కన్నం చిటికెన వేలి గోరంత ఉంటుంది, బరువైన కేబుల్ వేలాడితే లోపల టంకం ఊడుతుంది. మధ్యలో జానెడు మెత్తటి వైరు పెట్టుకో.


బెజవాడ_బుల్లోడు | శనివారం, రాత్రి 8:05 (అక్కడ రాత్రి, ఇక్కడ ఉదయం 😀)

అన్నలూ, మీరు చెబుతుంటే నాకూ ఒకటి కొనాలనిపిస్తోంది. అమెరికా నుంచి వచ్చే మా బావతో తెప్పించుకోవచ్చా? ప్రకాశం బ్యారేజీ మీద గేట్లెత్తినప్పుడు అధికారుల వైర్‌లెస్ వినాలని కోరిక.


మౌనశ్రోత | శనివారం, రాత్రి 8:40

వద్దు బ్రదర్. మన దగ్గర వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవాలంటేనే లైసెన్సు ఉండాలన్న నియమం 1933 చట్టం నాటి నుంచీ ఉంది. పోలీసు, ప్రభుత్వ వైర్‌లెస్ వినడం అసలే కుదరదు. మీ బావ ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంటాడు, ఆ తర్వాత మీ అక్కతో మీరు మాట్లాడుకోవాలి.

ఈ పిచ్చి నిజంగా ఉంటే దారి వేరే ఉంది. డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) పెట్టే పరీక్ష రాసి హ్యామ్ లైసెన్సు తెచ్చుకోండి. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, ఎన్ఐఏఆర్ అంటారు, అక్కడ నేర్పిస్తారు. వినడమే కాదు, మాట్లాడొచ్చు కూడా.


బెజవాడ_బుల్లోడు | శనివారం, రాత్రి 8:52

మా అక్క మాటొద్దు బాబోయ్. పరీక్షే రాస్తాను.


ప్లేనో_శ్రీను | సోమవారం, రాత్రి 9:30

సౌండ్ కార్డ్ వచ్చింది. ఆర్‌ఈసీ నుంచి లైన్ ఇన్‌కి పెట్టాను. గొంతులు శుభ్రంగా వస్తున్నాయి. రెండు చిక్కులు మాత్రం ఉన్నాయి. ఒకటి, ఎడమ చెవిలోనే వినిపిస్తోంది. రెండు, ఎవరూ మాట్లాడనప్పుడు 'మ్మ్‌మ్మ్' అని తేనెటీగల తుట్టెలా ఒకటే మోత.


వైర్లక్క | సోమవారం, రాత్రి 9:55

ప్లగ్ బయటికి తీసి చూడండి. నల్ల గీత ఒకటుందా, రెండా? ఒకటే ఉంటే మోనో వైరు, ఒక పక్కే వస్తుంది. మోనోని స్టీరియోగా మార్చే చిన్న అడాప్టర్ పెట్టండి, లేదా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోనో ఎంచుకోండి. రెండోది ఉచితం.

మోతకి ఒక పరీక్ష. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగిందా?


ప్లేనో_శ్రీను | సోమవారం, రాత్రి 10:03

ఒక గీతే ఉంది. చార్జర్ పీకగానే మోత టక్కున ఆగిపోయింది. మంత్రమేసినట్టు!


వైర్లక్క | సోమవారం, రాత్రి 10:20

మంత్రం కాదు, గ్రౌండ్ లూప్. స్కానర్ కరెంటు ఒక దారిలో, లాప్‌టాప్ కరెంటు ఇంకో దారిలో గోడలోకి వెళ్తున్నాయి. మధ్యలో మీరు ఆడియో వైరుతో రెండింటినీ కలిపారు. ఆ చుట్టులో కరెంటు తిరుగుతూ 60 హెర్ట్జ్ మోత పుట్టిస్తుంది. మన ఊళ్లో అయితే 50.

రెండిటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కి పెట్టి చూడండి, ఒక్కోసారి అంతటితో పోతుంది. పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని కార్ స్టీరియో షాపుల్లో దొరుకుతుంది. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, శబ్దం దాటుతుంది, కరెంటు దాటదు. చార్జర్ మూడో పిన్ను విరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ల మాట వినకండి. కరెంటు షాక్ నుంచి కాపాడేది ఆ పిన్నే.


గోదారిగాలి | మంగళవారం, ఉదయం 6:50

అక్క చెప్పిందంతా నిజమే. కానీ ఇంత తంటా దేనికి? 200కి లాన్ ఉంది కదా. నెట్ కేబుల్ రూటర్‌కి పెట్టి, మెనూలో ఐపీ (నెట్‌వర్క్‌లో స్కానర్ నంబరు) చూసుకుని, ప్రోస్కాన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ ఐపీ ఇస్తే కంట్రోలూ ఆడియో రెండూ దానిమీదే వస్తాయి. కంట్రోల్‌కి యూడీపీ 50536 పోర్ట్, ఆడియో ఆర్‌టీఎస్‌పీ మీద. నెట్ కేబుల్ జాక్‌లోనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, మోత సమస్యే రాదు. హాల్లో ట్యాబ్‌లో విను, పైన స్కానర్‌ని మూగగా ఉంచు.


వైర్లక్క | మంగళవారం, ఉదయం 8:12

గాలి గారూ, ఒప్పుకోను. లాన్‌లో వచ్చేది టెలిఫోన్ క్వాలిటీ ఆడియో. పైగా నెట్‌వర్క్ కాస్త నత్తనడక నడిస్తే మధ్యలో మాటలు తెగుతాయి. ఆయనకి కావలసింది సుడిగాలి హెచ్చరిక, సినిమా డైలాగ్ కాదు. ఒక్క మాట పోయినా అదే కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు అయితే? రికార్డింగ్‌కి ఆర్‌ఈసీయే. పక్కగదిలో వినడానికి లాన్ బాగుంటుంది.


గోదారిగాలి | మంగళవారం, ఉదయం 8:30

సరే, రెండూ పెట్టుకోమందాం. ఎలాగూ కన్నాలకి అద్దె కట్టక్కర్లేదు.

శ్రీనూ, లాన్ పెడితే రెండు జాగ్రత్తలు. రూటర్‌లో స్కానర్‌కి ఒక ఐపీ ఖాయం చేసెయ్, లేకపోతే కరెంటు పోయి వచ్చాక నంబరు మారిపోయి వెతుక్కోవాలి. ఆఫీసులో కూర్చుని వినాలని పోర్ట్ ఫార్వర్డ్ చేసి ఇంటర్నెట్‌కి తెరవకు, ఎవడో ఒకడు వచ్చి నీ చానళ్లు తిప్పుతాడు. అవసరమైతే వీపీఎన్ పెట్టుకో. ఇంకోటి, నెట్ కేబుల్ గానీ యూఎస్‌బీ గానీ తగిలించాక బలహీనమైన చానళ్లు మాయమైతే ఆశ్చర్యపోకు, వాటిలోంచి రొద పాకుతుంది. చివర్లలో ఫెరైట్ పూసలు బిగించు, యాంటెన్నాకి దూరంగా వైర్లు పోనివ్వు.


ప్లేనో_శ్రీను | మంగళవారం, రాత్రి 11:15

ఒకే స్ట్రిప్‌కి మార్చాక మోత ముప్పాతిక పోయింది, ఐసోలేటర్‌తో మిగతాదీ పోయింది. లాన్ కూడా పనిచేస్తోంది. రాత్రి అన్నం తింటూ ట్యాబ్‌లో విమానాల మాటలు పెడితే, మా ఆవిడ "ఇదేంటి, ఇంత నెమ్మదిగా కూడా వస్తుందా" అంది. అది మా ఇంట్లో ఆమోదముద్ర.

ఇంకో అనుమానం. వాతావరణం హెచ్చరిక వస్తే మా కౌంటీకి మాత్రమే అరవాలి, ఓక్లహోమా సరిహద్దులో వాన పడితే నన్ను లేపకూడదు. ఎలా?


మౌనశ్రోత | బుధవారం, ఉదయం 7:40

దానికి సేమ్ (ఎస్‌ఏఎంఈ) కోడ్ ఉంటుంది, ఒక్కో కౌంటీకి ఒక్కో నంబరు. ప్లేనో చాలావరకు కాలిన్ కౌంటీ, కోడ్ 048085. డల్లాస్ కౌంటీ 048113. రెండూ పెట్టుకోండి, సుడిగాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచే వస్తుంది. డల్లాస్ వాతావరణ స్టేషన్ కేఈసీ 56, 162.400 మెగాహెర్ట్జ్. ఇవాళ బుధవారం కదా, టెస్ట్ వచ్చే రోజు. మధ్యాహ్నంలోపు వింటూ ఉండండి.


ప్లేనో_శ్రీను | బుధవారం, మధ్యాహ్నం 12:34

వచ్చింది! మీటింగ్‌లో ఉన్నాను, ట్యాబ్ పక్కన పెట్టుకున్నాను. ముందు మూడుసార్లు గరగరమని డేటా శబ్దం, తర్వాత పొడుగ్గా ఆ 1050 హెర్ట్జ్ కూత, ఆపైన ఇది టెస్ట్ మాత్రమే అన్న గొంతు. మీటింగ్‌లో అందరూ ఏంటది అని అడిగారు. మ్యూట్ మర్చిపోయాను.

పైకెళ్లి రికార్డింగ్ చూస్తే మొదటి గరగర నుంచి చివరి మాట దాకా అంతా పడింది. రెండు చెవుల్లో. మోత లేదు.

గరాజ్‌లో పీకిన ఆ నల్ల డబ్బాని పారేయలేదు. దాని మీద మార్కర్‌తో 20.8 అని రాసి స్కానర్ పక్కనే పెట్టుకున్నాను.


ఎడిసన్_చిట్టి | బుధవారం, మధ్యాహ్నం 12:50

నేను బ్లూటూత్ స్పీకర్ కేబుల్‌కి ముడేశాను అన్నా, మళ్లీ పొరపాటున వాడకుండా.